ఈ రాత్రి వల ఎవరిది? పులికాట్ ‘పాడు’ కథ

ముందే ఒకటి ఒప్పుకుంటా. నేను డోన్ వాన్ని. మాకు సముద్రం లేదు, చెరువులున్నా చాలా ఏళ్లు వాటిలో నీళ్లుండవు. ‘ఈసారి చేపలు పట్టేవాళ్ల చరిత్ర చేస్తున్నా’ అనగానే నా రూమ్మేట్ ఒకడు, ‘నీకు బొచ్చెకూ జెల్లకూ తేడా తెలుసా రా’ అని మెసేజ్ పెట్టాడు. తెలీదు. ఈ ఎపిసోడ్ అయిపోయాక కూడా బహుశా తెలీదు. కానీ నేను అక్కడిదాకా ఎందుకు పోయానో చెప్తే మీకు అర్థమవుతుంది.

నేను బీటెక్ సెకండియర్ లో ఉన్నప్పుడు మా నాయన చేనులో మూడో బోరు వేయించాడు. మొదటి రెండూ ఎండిపోయినాయి. మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి. ఇంట్లో ఆ రోజు పండగే. ఏడాదిన్నర తిరక్కుండా పక్క చేనాయన మాకన్నా లోతుగా బోరు దింపాడు. మా బోరు నీళ్లకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. ఆయన మాకు పరాయివాడు కాదు, మా ఇంట్లో పెళ్లికి వచ్చి వడ్డన చేసినాయన. ఆయన తప్పు చేశాడా అంటే, లేదు. ఆయన భూమి, ఆయన బోరు, ఆయన అప్పు. పైన గట్లు వేరు, కింద నీళ్లు ఒకటే. అంతే సమస్య.

అప్పటినుంచి నా బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. అందరిదీ అయిన ఒక వస్తువు ఉంది. అందరికీ కావాలి. కొలవడం కష్టం, గోడ కట్టడం ఇంకా కష్టం. అలాంటప్పుడు ముందు ఎవరు, తర్వాత ఎవరు అనేది ఎవరు చెప్పాలి? ఉద్యోగం చేసే రోజుల్లో సర్వర్ల మీద ఇదే పని చేశా, పది ప్రోగ్రాములు ఒకే ప్రాసెసర్ కోసం కొట్టుకుంటే వంతులు ఎలా పంచాలి అని. కంప్యూటర్ కి అది సులభం, అది అలగదు. మనుషులు ఈ పని ఎక్కడైనా బాగా చేశారా అని వెతుకుతుంటే పులికాట్ తగిలింది.

పులికాట్ సరస్సు మీలో చాలామందికి రెండు రకాలుగా తెలిసుంటుంది. ఒకటి ఫ్లెమింగోలు. రెండు, రాకెట్ లాంచ్ చూడ్డానికి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు, ఆ రోడ్డుకి రెండువైపులా కనిపించే నీళ్లు. మన దేశంలో ఒడిశా చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణాన కొంత తమిళనాడులో. మనవాళ్లు ప్రళయ కావేరి అని కూడా అంటారు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీళ్లు ఒకవైపు నుంచి, బంగాళాఖాతం నీళ్లు ఇంకోవైపు నుంచి వచ్చి కలుస్తాయి. సరస్సుకీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలా పడుకుని ఉంటుంది. నీళ్లు అటూ ఇటూ పోవాలంటే ముఖద్వారాలే దారి. అందులో ముఖ్యమైంది దక్షిణాన తమిళనాడులో, పళవేర్కాడు ఊరి దగ్గర. పులికాట్ అని ఇంగ్లీషువాళ్లు పిలిచింది ఆ ఊరినే.

పుస్తకాల్లో ఈ ఊరి చరిత్ర అంటే డచ్చివాళ్ల చరిత్రే. విజయనగర రాజు వెంకటపతి రాయల కాలంలో వాళ్లు ఇక్కడ దిగారు, 1613లో గెల్డ్రియా కోట కట్టారు, ఇక్కడినుంచి బట్టలు ఓడలకెక్కించారు. కోట శిథిలమైంది, డచ్చివాళ్ల సమాధులు మాత్రం ఉన్నాయి, చెక్కిన పుర్రెలతో సహా. రీల్స్ చేసేవాళ్లకి బాగుంటాయి. ఆ సమాధులకు కాస్త దూరంలో, రాత్రిపూట నీళ్లలో కర్రలు పాతి వల కట్టే మనుషుల చరిత్ర మాత్రం ఎవరూ రాళ్ల మీద చెక్కలేదు. నాకు కావాల్సింది అదే.

ముందు రొయ్య సంగతి తెలియాలి. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్ల రొయ్యలు పోటు నీళ్లతో సరస్సులోకి వస్తాయి. లోపల తిండి ఎక్కువ, పెద్ద చేపల భయం తక్కువ. కొన్ని నెలలు తిని పెరిగి మళ్లీ సముద్రంలోకి బయల్దేరతాయి. ఎప్పుడు? ఎక్కువగా రాత్రిపూట, నీళ్లు వెనక్కి తీసే పాటు సమయంలో. అమావాస్యకీ పౌర్ణమికీ ఆ లాగుడు ఇంకా బలంగా ఉంటుంది. ఎక్కడినుంచి పోతాయి? ఉన్న ఇరుకు దారి నుంచే. అంటే సరస్సు ఎంత పెద్దదైనా, ఆ రొయ్యలన్నీ ముఖద్వారం దగ్గర కొన్ని చోట్ల దాటాల్సిందే. మన భాషలో బాటిల్ నెక్. ఆ చోట్లలో ప్రవాహానికి అడ్డంగా కర్రలు పాతి వల కడితే, రొయ్యలు వాటంతట అవే వచ్చి పడతాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మంచి చోట్లు కొన్నే. నేను వల కట్టాను, మీరు నాకు కాస్త పైన కట్టారు. మీకు రొయ్యలు, నాకు నీళ్లు. రేపు నేను మీకన్నా పైకి పోతా. ఎల్లుండి మీరు చీకటి పడకముందే వచ్చి చోటు పట్టుకుంటారు, కర్రతో కాపలా ఉంటారు. కొన్నాళ్లకి కర్ర వల కోసం కాదు, తలకాయ కోసం వాడతారు. మా చేనులో బోర్లకి జరిగింది కూడా ఇదే, ఇక్కడ లోతు, అక్కడ పైకి.

దీనికి పళవేర్కాడు మత్స్యకార పల్లెలు పెట్టుకున్న కట్టుబాటు పేరు ‘పాడు’. మన తెలుగు చెవికి ఈ మాట తేడాగా వినిపిస్తుంది, పాడైపోవడం గుర్తొస్తుంది. అక్కడ పాడు అంటే వేట చేసే చోటు, ఆ చోట మీకొచ్చే వంతు. పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఊరికి ఒక పేర్ల లిస్టు. లిస్టులో ఉన్నవాళ్లకే ఆ చోట్లలో వల కట్టే హక్కు. చోట్లకు హద్దులు, వలకు రకం ముందే ఖరారు. ఎవరు ఏ చోట, ఎప్పుడు అనేది చీటీలు వేసి తేలుస్తారు, ఆ తర్వాత వంతులు తిరుగుతాయి. ఈ రాత్రి నాది మంచి చోటయితే తర్వాతి వంతుకి అది మీది. ఎవరికీ శాశ్వతంగా మంచి చోటు లేదు, ఎవరికీ శాశ్వతంగా చెడ్డ చోటు లేదు. తప్పితే జరిమానా, పంచాయతీ ఊరి పెద్దలది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇప్పటికే నవ్వుకుంటున్నారు. అవును, రౌండ్ రాబిన్. మనం నాలుగో సెమిస్టర్ ఆపరేటింగ్ సిస్టమ్స్ లో అయిదు మార్కుల ప్రశ్నకి రాసిందే. వాళ్లు అమావాస్య లెక్క కూడా కలుపుకుని నడిపారు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, చేపల్ని ఎవరూ లెక్కపెట్టట్లేదు. ‘నువ్వు ఇన్ని కిలోలే పట్టాలి’ అనట్లేదు. అలా అంటే ఎవడు తూకం వేస్తాడు, రాత్రి ఒంటిగంటకి? చోటునీ సమయాన్నీ పంచితే చాలు. చోటు కళ్లకి కనిపిస్తుంది. నా వంతులో ఇంకొకడు వల కడితే నేనే చూస్తా, ఎందుకంటే నష్టం నాకే. కాపలాకి జీతం ఇవ్వాల్సిన పని లేదు.

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరి గడ్డిమైదానంలో ప్రతి ఒక్కడూ ఇంకో ఆవుని వదులుతాడు, చివరికి గడ్డి మిగలదు, అందరిదీ అంటే ఎవరిదీ కాదు అని. చాలా ఫేమస్ వ్యాసం. దాన్ని చూపించి, అయితే ప్రభుత్వం చేతికివ్వాలి లేదా ప్రైవేటుకివ్వాలి అని చాలామంది వాదించారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ మాత్రం, ఆగండి, నిజంగా ఊళ్లలో ఏం జరుగుతోందో చూద్దాం అంది. 1990లో పుస్తకం వేసింది, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. ఆవిడ పుస్తకంలో టర్కీలోని అలన్యా అనే తీర పట్టణం ఉంది. అక్కడ ప్రతి సెప్టెంబర్ లో జాలర్ల లిస్టు రాసి, వేట చోట్లకు పేర్లు పెట్టి, చీటీలు వేస్తారు. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ప్రతి పడవా రోజుకో చోటు తూర్పుకి జరుగుతుంది, జనవరి నుంచి మే దాకా పడమరకి. చేపలు వలస పోయే దారిలో అందరికీ సమాన అవకాశం. అలన్యాలో ఇది 1970లలో మొదలైంది. శ్రీలంకలో నెగొంబో దగ్గర కూడా సరస్సు నోటి దగ్గర కట్టుదెల్ అనే కర్రల వలకి ఇలాంటి వంతులే, నాలుగు సంఘాలు పంచుకుంటాయి. టర్కీవాడికి పులికాట్ తెలీదు, పులికాట్ వాళ్లకి టర్కీ తెలీదు. ఇరుకు దారి, ఎక్కువ మంది, ఒకే జవాబు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి మోటివేషనల్ వీడియో అవుతుంది. ‘మన పూర్వీకులు గొప్పోళ్లు’ అని థంబ్‌నెయిల్ పెట్టొచ్చు. మొదట నేను అలాగే స్క్రిప్ట్ రాసుకున్నా కూడా. తర్వాత ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోయా. ఆ లిస్టులో పేరు ఎలా ఎక్కుతుంది?

పళవేర్కాడు ముఖద్వారం దగ్గర పాడు హక్కున్న పల్లెలు ముఖ్యంగా మూడు. ఆండికుప్పం, కోట్టైకుప్పం, నడూర్ మాదకుప్పం. హక్కు ఆ ఊళ్లలో పట్టినవర్ కులం మగవాళ్లది. మన నెల్లూరు తీరంలో పట్టపు అంటాం, ఇంట్లో తమిళానికి దగ్గరగా ఉండే సొంత మాట మాట్లాడేవాళ్లు, వాళ్లే. అదే సరస్సు ఒడ్డున దళిత మత్స్యకారులున్నారు. యానాదులున్నారు, వీళ్లలో చాలామంది వలే లేకుండా నీళ్లలో దిగి చేతులతో తడిమి రొయ్యలు పడతారు. పట్టపు ఇళ్లలోనే ఆడవాళ్లున్నారు, పట్టిన సరుకుని గంపకెత్తి అమ్మి ఇల్లు నడిపేది వాళ్లు. వీళ్లెవరి పేర్లూ లిస్టులో లేవు. లోపలున్నవాళ్ల మధ్య పాడు ఎంత సమానంగా ఉంటుందో, బయటున్నవాళ్లకి గోడ అంత ఎత్తుగా ఉంటుంది. రెండూ ఒకే లిస్టు చేసే పనులు. లిస్టు చిన్నగా ఉంది కాబట్టే వంతు త్వరగా తిరిగొచ్చేది, అందుకే ఎవరూ దాన్ని పెంచాలనుకోలేదు.

యానాదుల సంగతి ఒక ఎపిసోడ్ అంత ఉంది, ఇప్పుడు రెండు ముక్కలే చెప్తా. శ్రీహరికోట అడవి వాళ్ల ఇల్లు. 1835లో మద్రాసు ప్రభుత్వం ఆ దీవిని స్వాధీనం చేసుకుంది, పట్నానికి వంటచెరకు కావాలని. 1969లో రాకెట్ కేంద్రానికి అదే దీవిని ఎంచుకున్నారు, అక్కడి కుటుంబాల్ని బయటికి తరలించారు. రాకెట్ ఎగిరితే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ సరస్సు దగ్గర ఏ లిస్టు తీసినా, రాజుది, కంపెనీది, ఊరిది, ప్రభుత్వానిది, యానాది పేరు చివర్లో కూడా కనిపించదు.

సరే, పాడు ఎలా కదిలిందో చూద్దాం. రొయ్య మామూలు కూర సరుకుగా ఉన్నంతకాలం బయటివాళ్లు కూడా పెద్దగా పోట్లాడలేదు. 1970ల నుంచి రొయ్య జపాన్ కి, అమెరికాకి పోయే సరుకైంది. ధర పెరిగింది. నైలాన్ వలలొచ్చాయి, తర్వాత పడవలకు మోటార్లొచ్చాయి. ఒక రాత్రి మంచి చోటు దొరకడం అంటే అప్పటిదాకా నాలుగు రోజుల కూర, ఇప్పుడు పిల్లాడి స్కూలు ఫీజు. లిస్టులో లేనివాళ్లు ఎందుకు ఊరుకుంటారు? నీళ్లు మీ తాతవా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1980, 90లలో పాడు లేని పల్లెలవాళ్లు అవే చోట్ల వలలు వేయడం, పాడు పల్లెలవాళ్లు అడ్డుకోవడం, గొడవలు, పోలీసులు, అధికారుల ముందు రాజీలు. పాడువాళ్ల వాదన కూడా వినాలి. ఇంకో మూడొందల వలలొస్తే ఈ వంతు నెలకొకసారి కూడా రాదు, అప్పుడు ఎవరికీ మిగలదు అని. అదీ నిజమే. నిజానికి వాళ్లలో ఎంతోమందికి కులం, వంతు రెండూ కలిసిపోయాయి. పాడు ఉందంటే గౌరవం. వేట తగ్గినా వదల్లేదు.

దీనికి తోడు రాష్ట్రాల గీత. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దు సర్దుబాటు 1960 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. భూమి మీద అయితే రాయి పాతొచ్చు. నీళ్ల మీద గీత ఎక్కడుందో పడవలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? తడ వైపు పల్లెలకీ పళవేర్కాడు వైపు పల్లెలకీ ఈ విషయంలో తగాదాలు ఇప్పటికీ పేపర్లో చూస్తుంటాం.

ఇక్కడ మా సీమ గుర్తొచ్చింది నాకు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని కూడా అంటారు, అక్కడ పెద్ద చెరువు తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనంలోనే ఉంది. అది ఊరికే పొగడ్తల శాసనం కాదు, ఒకరకంగా ఇంజినీరింగ్ నోట్స్. మంచి చెరువుకి ఏమేం ఉండాలో పన్నెండు చెప్పి, ఏ దోషాలు ఉండకూడదో ఆరు చెప్తుంది. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, ఇలాంటివి. అందులో ఒక దోషం ఏంటో తెలుసా? చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! ఆరొందల యాభై ఏళ్ల కిందట రాతి మీద చెక్కి పెట్టారు. పులికాట్ ని తీసుకెళ్లి సరిగ్గా ఆ దోషంలో కూర్చోబెట్టాం.

1990ల్లో ఇంకో దెబ్బ. నెల్లూరు జిల్లా తీరమంతా రొయ్యల చెరువులు. ఇది వలతో పట్టే రొయ్య కాదు, చెరువులో పెంచే టైగర్ రొయ్య. పెట్టుబడి బయటిది, వదిలే నీళ్లు మాత్రం కాలువల్లోకి, ఉప్పుటేర్లలోకి. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకి పోయాడు. 1996 డిసెంబర్ 11న తీర్పొచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో రొయ్యల పరిశ్రమ వద్దని, చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల అలాంటి చెరువులే ఉండకూడదని కోర్టు చెప్పింది. పాత సంప్రదాయ పద్ధతిలో చేసేవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఈ రంగాన్ని లైసెన్సుల దారిలో పెట్టింది. తీర్పు పులికాట్ పేరు పెట్టి చెప్పడం చిన్న విషయం కాదు. కానీ 1000 మీటర్ల గీత సరస్సుని బయటి చెరువుల నుంచి కాపాడొచ్చు, లోపల ఈ రాత్రి వల ఎవరిది అనేది అది చెప్పలేదు, చెప్పే పని కూడా దానిది కాదు.

సముద్రం మీద కూడా ఇంతే. మన రాష్ట్రంలో 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకి వదలాలి, మర పడవలు ఆ అవతలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. బాగానే ఉంది. కానీ 2022 జనవరిలో విశాఖలో ఏం జరిగిందో గుర్తుందా? రింగు వలలు వాడే మత్స్యకారులకీ వద్దనే మత్స్యకారులకీ మధ్య గొడవ ముదిరింది, పడవలు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు. రింగు వల అంటే కవళ్లు, కానాగడతలు గుంపుగా పోతుంటే చుట్టూ తిప్పి కింద మూసేసే పెద్ద వల. ఒక్క చుట్టుకి గుంపు మొత్తం. దానికి ఏడాది ముందు, 2020 డిసెంబర్ లో, చీరాల దగ్గర వాడరేవు, కటారివారిపాలెం మధ్య వల కన్ను సైజు మీదే కొట్లాట. రెండుచోట్లా కొట్టుకున్నవాళ్లు పక్కపక్క ఊళ్లవాళ్లే. వార్తల్లో ‘వర్గపోరు’ అని ఒక ముక్క రాసి వదిలేశారు. నాకు మాత్రం మా చేను కనిపించింది. లోతు పెంచినవాడు, ఎండిపోయినవాడు, ఇద్దరూ అప్పులవాళ్లే.

పాత రోజుల్లో ఇలాంటివి ఊరిపెద్దలు ఆపేవాళ్లు కదా అంటారు. నెల్లూరు, ప్రకాశం తీరంలో పట్టపు పల్లెల్లో కాపులు అనే పెద్దలు ‘దురాయి’ పెడతారు. దురాయి అంటే ఆన. ఫలానా రోజు వేటకి పోకూడదు, ఫలానా వల దించకూడదు అంటే ఊరు మొత్తం ఆగాల్సిందే. ఏ మత్స్యశాఖ జీవో కీ లేని బలం దానికుంది. అదే దురాయితో ఎదురు తిరిగిన కుటుంబాన్ని ఊరు నుంచి వెలేయడం కూడా జరుగుతుంది. అందుకని నేను దాన్ని తిట్టనూ లేను, మళ్లీ తెచ్చుకుందామనీ అనలేను. అడ్మిన్ యాక్సెస్ ఒకటే, ఎవరి చేతిలో ఉంది, వాళ్లని ఎవరు అడుగుతారు అనేదే లెక్క.

పోయిన ఏడాది నేను తడ దగ్గర ఒక పల్లెకి పోయా. కెమెరా తీస్తే ఎవరూ మాట్లాడలేదు, కెమెరా లోపల పెట్టాక అందరూ మాట్లాడారు. పాడు గురించి అడిగితే ఒక పెద్దాయన రొయ్యల గురించి కాదు, ముందు నీళ్ల గురించి చెప్పాడు. ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతోంది, నీళ్లు రాకపోతే వంతెందుకు, లిస్టెందుకు అని. నిజమే. సరస్సు ఉత్తరం వైపు ఎండాకాలంలో నేను చూసింది నీళ్లు కాదు, పగుళ్లిచ్చిన మట్టి. ఆ మట్టి చూసి నాకు డోన్ లో ఉన్నట్టే అనిపించింది, ఉప్పు వాసన తప్ప. మీదే ఊరు అని ఆయన అడిగాడు. కర్నూలు వైపు అన్నా. అక్కడ మీకు వంతులెట్లా అన్నాడు. మాకు వంతులు లేవు, మోటార్లున్నాయి అన్నా. నవ్వాడు గానీ అది జోకు కాదు.

వంతులు లేవు అన్నా గానీ ఒకప్పుడు ఉండేవి. మా జేజినాయన కాలంలో చెరువు కింద నీరుగంటి ఉండేవాడట. ఏ మడికి ఎప్పుడు తూము నీళ్లు అనేది ఆయన చెప్పాలి, పంట వచ్చాక అందరూ గింజలు కొలిచి ఇవ్వాలి. బోర్లు వచ్చాక ఆయన పని పోయింది, ఎవడి నీళ్లు వాడివే అనుకున్నాం కదా. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి, బోరుకీ బోరుకీ దూరం అని. మా దగ్గర రిగ్గు లారీ రాత్రిపూట వస్తుంది, తెల్లారేసరికి పోతుంది. దానికంటే నాకు నచ్చింది ఇంకోటుంది. 2000ల్లోనే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో కర్నూలు, కడపతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాననీ బోర్లలో నీటిమట్టాన్నీ కొలిచి, ఆ ఏడాది ఎన్ని నీళ్లున్నాయో, ఏ పంటకి ఎన్ని కావాలో లెక్క వేసుకుని గోడ మీద రాసుకున్నారు. ఎవరినీ వరి వేయొద్దని ఎవరూ అనలేదు, లెక్క మాత్రం అందరికీ కనపడేది. పాడులో పక్కవాడి వల నాకు కనపడినట్టు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తా. పోయిన ఉగాది తర్వాత మా నాయన, ఆ పక్క చేనాయన, ఇంకో ముగ్గురు కలిసి కూర్చున్నారు. అయిదుగురికీ కలిపి నీళ్లున్న బోర్లు రెండే మిగిలాయి. కొత్తవి వేయకూడదు, ఉన్న రెండింటికి పైపులు కలిపి వంతులు పెట్టుకోవాలి అనుకున్నారు. పగటి కరెంటు ఉన్నంతసేపు ఒకరికి, మరుసటి రోజు ఇంకొకరికి. మొదటి వంతు ఎవరిదని చీటీలు వేశారు. చీటీల ఐడియా నాదే, పులికాట్ పేరు చెప్పలేదు, చెప్తే ‘చేపలోళ్ల కథ మనకెందుకు’ అనేవాళ్లు. ఒక పంట గడిచింది. రెండుసార్లు మాటా మాటా అనుకున్నారు గానీ కొట్టుకోలేదు.

పేర్ల కాగితం స్టార్టర్ డబ్బా లోపల అతికించి ఉంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఫోటో తీశా. అయిదు పేర్లు. అందులో ఒకాయన బెంగళూరులో ఉంటాడు, చేను గుత్తకిచ్చాడు. నీళ్లు కట్టేది, తెల్లారుజామున పాముల మధ్య నడిచి పోయేది గుత్తకు చేసేవాడు. ఆయన పేరు కాగితంలో లేదు, కూర్చున్న రోజు ఆయన్ని పిలవలేదు కూడా. బెంగళూరాయన రేపు ఇంకొకరికి గుత్తకిస్తే ఈయన వంతు గాల్లో కలిసిపోతుంది. మా నాయన్ని అడిగా. ‘పేరు ఎవరిదైతే ఏమి, నీళ్లు పారుతున్నాయి కదా’ అన్నాడు.

వచ్చే నెల పంట మార్చేటప్పుడు కాగితం మళ్లీ రాస్తారు. నేను ఆ రోజు ఊర్లోనే ఉంటా. ఆయన పేరు రాయమని అడుగుతా, ఆయన్ని కూడా పిలవమంటా. మా నాయన ఏమంటాడో, ఆ పక్క చేనాయన ఏమంటాడో తెలీదు. ఏం జరిగిందో తర్వాతి ఎపిసోడ్ లో చెప్తా. ఉంటా మరి.